ఏదుం తిన్నా ఏకాశే



“ఏదుం తిన్నా ఏకాశే, పందుం తిన్నా పరగడుపే.” తెలుగు ఇళ్ళలో ఈ సామెత చెవిన పడనివాళ్ళు తక్కువ. కడుపు నిండా తిని ఏమీ ముట్టనట్టు మాట్లాడే మనిషిని చూసినప్పుడు, ఎంత ముట్టజెప్పినా చాలలేదనేవాడి సంగతి వచ్చినప్పుడు పెద్దవాళ్ళ నోట అలవోకగా వస్తుంది. భావం అందరికీ అందుతుంది. ఏదుం అంటే ఏమిటి, పందుం అంటే ఏమిటి అని అడిగితే మాత్రం యాభై ఏళ్ళవాళ్ళు కూడా కాసేపు ఆలోచనలో పడతారు. ఏదుం అంటే ‘ఏదైనా’ కాబోలునని ఒకరు, పందుం అంటే ఏదో పిండివంట అయి ఉంటుందని ఇంకొకరు సర్దుకుంటారు.

రెండూ కొలతలు. ఐదు తూములు కలిస్తే ఏదుము, పది తూములు కలిస్తే పందుము. రెండైతే ఇద్దుము, మూడైతే ముత్తుము. తూముకు నాలుగు కుంచాలు. కుంచానికి రెండు అడ్డలు, అడ్డకు రెండు మానికలు, మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు, సోలకు నాలుగు గిద్దలు. పైకి వెళ్తే ఇరవై తూములు ఒక పుట్టి. కోస్తా జిల్లాల్లో వడ్లు, అపరాలు, నువ్వులు అన్నీ ఈ మెట్ల మీదుగానే చేతులు మారాయి. ఈ లెక్క పట్టుకుని సామెతను మళ్ళీ వినాలి. ఏదుము అంటే ఎనభై మానికలు. ఎనభై మానికల తిండి తిన్నవాడు ఇవాళ ఏకాదశి, ఉపవాసం అంటున్నాడు. నూట అరవై మానికలు తిన్నవాడు పరగడుపున ఉన్నాను, పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదంటున్నాడు. సామెతలో ఉన్న దెబ్బంతా ఆ అంకెల్లోనే ఉంది. అంకె మరిచిపోయాక చెవికి ఏకాశే, పరగడుపే అన్న మాటల జోరు ఒక్కటే మిగులుతుంది.

పాత మాటలు పోతున్నాయని బాధపడేటప్పుడు తప్పంతా ఇంగ్లీషు మీద వేయడం అలవాటైపోయింది. అది సగం నిజం. చాలా మాటలు, అవి చేసే పని ఆగిపోయినప్పుడు మూలపడతాయి. తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చింది. ఆ తరవాతి కొన్నేళ్ళలో కిలో, లీటరు దేశమంతా అమల్లోకి వచ్చాయి. అంగట్లో మానిక పక్కకు జరిగింది, దానితోపాటే దాని పేరూ జరిగింది. అది మంచికే జరిగిందని ఒప్పుకోవాలి. ఒక ప్రాంతపు కుంచం ఇంకో ప్రాంతపు కుంచంతో సరిపోయేది కాదు. ఇచ్చేటప్పుడు ఒక మానిక, పుచ్చుకునేటప్పుడు ఇంకో మానిక వాడిన షావుకార్ల కథలు ఊరూరా చెప్పుకునేవారు. కూలికి గింజలు కొలిచే చోట ఆ తేడా పేదవాడి పొట్టకే తగిలేది. అంచేత తూము మళ్ళీ బజారుకు రావాలని ఎవరూ కోరనక్కర్లేదు. కోరవలసింది ఇంకొకటి. ఆ మాట ఏ పని చేసేదో తెలిసిన మనుషులు ఉండగానే దాన్ని వాళ్ళ నోటినుంచి రాసి పెట్టుకోవాలి. ఆ పని నిఘంటువు ఒక్కటే చేయలేదు. ‘తూము: ఒక కొలత’ అని నిఘంటువు చెబుతుంది. కల్లంలో తూము ఎలా పలికేదో చెప్పడానికి రైతు కావాలి.

కల్లంలో రాశి కొలిచే వేళ ఎలా ఉండేదో ఎనభై ఏళ్ళ రైతుల్ని కదిపితే ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు చెబుతారు. నూర్చి, తూర్పారబట్టిన ధాన్యం రాశిగా పోసి ఉంటుంది. కొలిచే మనిషి తలకు గుడ్డ చుట్టుకుని, రాశి ముందు గొంతుకూర్చుని కుంచం ముంచుతాడు. మొదటి కుంచం పోస్తూ ‘ఒకటి’ అనడు. ‘లాభం’ అంటాడు. రెండో కుంచం నిండేదాకా ‘లాభం, లాభం’ అని పలుకుతూనే ఉంటాడు. అప్పుడు ‘రెండు, రెండు’. అంకె నోట్లో ఆడుతున్నంతసేపూ లెక్క తప్పదు. మధ్యలో ఎవరూ పలకరించరు. గింజ ఇంటికి వచ్చే వేళ మొదటి మాట మంచి మాట కావాలన్న పట్టింపు వల్ల తెలుగు లెక్క ఒకటితో కాక లాభంతో మొదలైంది. ధాన్యం కాటాకెక్కాక ఆ ‘లాభం’ అవసరం తీరిపోయింది. ముల్లు చూసి అంకె రాసుకునేవాడికి నోటితో పలకవలసిన పని లేదు.

అదే పట్టింపు వంటింట్లో ఇంకో రూపంలో ఉండేది. డబ్బాలో బియ్యం అయిపోయాయి అని ఇల్లాలు అనేది కాదు. “బియ్యం నిండుకున్నాయి” అనేది. దీపం ఆరిపోయింది అనకూడదు, “కొండెక్కింది” అనాలి. మెడలో మంగళసూత్రం తెగితే తెగింది అనరు, “పెరిగింది” అంటారు. లేమిని లేమి అని పిలవకుండా, దాన్ని నిండుతనం పేరుతో పిలిచి గడప దాటించే మర్యాద అది. చాలామంది దీన్ని ఉత్త మూఢనమ్మకం కింద కొట్టిపారేస్తారు. ఆ ఇంట్లో బియ్యం నిజంగానే లేని రోజులు ఎన్ని ఉండేవో గుర్తు చేసుకుంటే అలా కొట్టిపారేయబుద్ధి కాదు. పిల్లల ముందు, అతిథి ముందు ఆ సంగతి ఇంటాయన చెవిన వేయాలి. ‘నిండుకున్నాయి’ అన్న ఒక్క మాటతో పని జరిగిపోయేది, పరువూ నిలిచేది. ఇప్పుడు పత్రికల్లో “ఖజానా నిండుకుంది”, “మందుల నిల్వలు నిండుకున్నాయి” అని శీర్షిక కనబడితే బళ్ళో చదివే పిల్లలు ఖజానాలో డబ్బు పుష్కలంగా ఉందని అర్థం చేసుకుంటున్నారు. అక్షరాలు చూస్తే వాళ్ళ అర్థమే సరైనది. మాట వెనుక ఉన్న వంటిల్లు వాళ్ళకు ఎవరూ చూపించలేదు.

కొలతల మాటల్లో ఇంకో వింత ఉంది. తెలుగులో ‘ఎడు’ అనే చిన్న తోక ఉంది. సోలకు చేరిస్తే సోలెడు, మానికకు చేరిస్తే మానెడు, కుంచానికి కుంచెడు, పుట్టికి పుట్టెడు. చేతికి, చేతిలో పట్టే వాటికి కూడా అదే. చిటికెడు ఉప్పు, పిడికెడు మెతుకులు, చారెడు కళ్ళు, దోసెడు పూలు, గుక్కెడు నీళ్ళు, గంపెడు ఆశ, బండెడు చాకిరీ. జానెడు, మూరెడు, బారెడు కూడా ఈ కుటుంబమే. రెండు చేతులూ బార్లా చాపితే వచ్చే కొలత బార. “బారెడు పొద్దెక్కింది, ఇంకా లేవలేదు” అని తల్లి కేకేసిందంటే, సూర్యుడు నేలకు బారెడు ఎత్తుకు వచ్చాడని లెక్క. కిలో, లీటరు వచ్చి డెబ్బై ఏళ్ళు కావస్తున్నా వాటికి ఈ తోక గట్టిగా అతుక్కోలేదు. కిలో బియ్యం, లీటరు పాలు అనే అంటారు. కప్పు, గ్లాసు కూడా పరాయి మాటలే. అయినా వంటలు చెప్పేవాళ్ళు “కప్పుడు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు” అని, “గ్లాసెడు మజ్జిగ” అని హాయిగా అంటున్నారు. చేతిలోకి వచ్చిన గిన్నెను భాష తనలో కలుపుకుంది. ముద్ర వేసి పైనుంచి పంపిన అంకెను ఇంకా కొంచెం దూరంగానే ఉంచింది.

కుంచం మీద ఇంకో సామెత ఉంది. “కుంచమంత కూతురుంటే మంచంలోనే కూడు.” కుంచాన్ని చూసినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. నేల మీద పెడితే మోకాలి దాకా కూడా రాని పాత్ర. కూతురు అంత చిన్నదైనా సరే, అమ్మ జబ్బుపడి మంచాన ఉంటే కంచంలో అన్నం పెట్టి తెచ్చి ఇస్తుందట. ఆడపిల్ల పుట్టిందని మొహం మాడ్చుకునే వాళ్ళ మధ్యనే ఇంత ఆప్యాయమైన మాటను ఆడవాళ్ళు తయారు చేసుకుని, తమలో తాము చెప్పుకుంటూ వచ్చారు. ఇందులో పసిదాని చేత పని చేయించే కాలం కూడా కనబడుతుంది, ఆ సంగతి దాచనక్కర్లేదు. కానీ ‘కుంచమంత’ అన్నచోట ‘చిన్న’ అని మార్చి చెబితే ఆ పిల్ల కనబడదు. కుంచం పక్కన నిలబడితేనే ఆమె ఎంతుందో తెలుస్తుంది.

పుట్టి గతి కాస్త వేరు. “పుట్టెడు దుఃఖం” అన్న మాట పత్రికల్లో, టీవీల్లో రోజూ వినబడుతుంది. ఆ పుట్టి ఇరవై తూముల పుట్టి. కృష్ణలో చేపలు పట్టేవాళ్ళు నడిపే గుండ్రటి పుట్టి వేరు. తూము అన్నా ఇప్పటివాళ్ళకు చెరువు తూమే గుర్తొస్తుంది. కొలత తూముకు ఒక ఊహించని చోట మాత్రం స్థానం దొరికింది. కంప్యూటర్లలో, ఫోన్లలో ప్రపంచ లిపులన్నిటికీ సంకేతాలు కేటాయించే యూనికోడ్ పట్టికలో 2008లో తెలుగు పాత భిన్నాల అంకెలతోపాటు తూము గుర్తును కూడా చేర్చారు. ఆ భిన్నాలన్నీ నాలుగేసి వంతుల లెక్క. కాలు, అందులో నాలుగో వంతు వీసం, అందులో నాలుగో వంతు కాణి. “వీసమెత్తు అనుమానం లేదు” అనేటప్పుడు పలికేది ఆ పదహారో వంతునే. అక్కడ ఏమీ లేదని చూపే సున్నకు హళ్ళి అని పేరు. “హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న” అని చేతులు దులుపుకునేవాళ్ళు కరణాల కవిలెకట్టలోని మాటను వాడుతున్నామని అనుకోరు.

డబ్బుల మాటలది ఇంకా పెద్ద కథ. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కాణీలు, లేదా పన్నెండు దమ్మిడీలు. అంటే రూపాయికి నూటతొంభై రెండు దమ్మిడీలు. “దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు” అన్నప్పుడు ఆ ఆదాయం ఎంత చిన్నదో ఇప్పుడు లెక్క వేసుకోవచ్చు. రెండు అణాలు బేడ, నాలుగు అణాలు పావలా. తెలంగాణలో నిజాం హాలీ సిక్కా వేరుగా నడిచేది, బ్రిటిషు రూపాయిని కల్దారు అనేవారు. 1943లో, యుద్ధం రోజుల్లో, లోహం ఆదా కోసం మధ్యలో పెద్ద చిల్లు ఉన్న కాణీలు వచ్చాయి. పిల్లలు వాటిని దారానికి గుచ్చి మొలకు కట్టుకునేవారు. అంతకు ముందునుంచీ ఉన్న ‘చిల్లిగవ్వ’కు అలా ఒక తోబుట్టువు దొరికింది. గవ్వలే చిల్లరగా చెల్లిన కాలపు మాట అది.

1957 ఏప్రిల్ 1న రూపాయి నూరు నయాపైసలైంది. అణా ఆరోజుతో చట్టం దృష్టిలో పాతబడింది. అయినా ‘పదహారణాల తెలుగమ్మాయి’ ఇవాళ్టికీ సినిమా పేజీల్లో తిరుగుతూనే ఉంది. ఆ మాట రాసే విలేకరి పుట్టకముందే అణా పోయింది. రాసేవాడికి, చదివేవాడికి కూడా పదహారణాలు అంటే నూటికి నూరు పాళ్ళు అని తెలుసు, చాలు. పావలా ఇంకా గట్టిది. 2011 జూన్ తరవాత పావలా నాణెం చెల్లదన్నారు. అంతకు ముందే, రెండు వేల నాలుగు తరవాతి రోజుల్లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మహిళా సంఘాల రుణాలకు ‘పావలా వడ్డీ’ పథకం పెట్టింది. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి మూడు శాతం. బ్యాంకు కాగితంలో శాతం ఉన్నా, సంఘంలో కూర్చున్న ఆడవాళ్ళకు పావలా అంటేనే భారం ఎంతో చటుక్కున తెలుస్తుంది. ఊళ్ళలో అప్పు ఇప్పటికీ ‘రెండు రూపాయల వడ్డీ’, ‘మూడు రూపాయల వడ్డీ’ అనే లెక్కలోనే పుడుతుంది. బేడకు అలాంటి పని ఏదీ దొరకలేదు. బేడ పోయింది.

బంగారం కొట్లో కూడా ఇలాంటిదే జరిగింది. తులం అంటే పాత తూకంలో పదకొండున్నర గ్రాములకు పైమాట. ఇప్పుడు అమ్మేవాడు, కొనేవాడు ఇద్దరూ పది గ్రాముల్నే తులం అంటున్నారు. కాసు అంటే ఎనిమిది గ్రాములు. పేరు నిలుపుకోవడం కోసం తులం కాస్త బరువు వదులుకుంది. తులాన్ని నమ్ముకున్న పలం, వీశె, మణుగు మాత్రం నిలవలేదు. మూడు తులాల పలం, నలభై పలాల వీశె, ఎనిమిది వీశెల మణుగు. ఐదు పలాలు ఏబలం, పది పలాలు పదలం. “ఏబలం బెల్లం, పదలం చింతపండు” అని చీటీ రాసిన చేతులు ఇప్పుడు చాలా ముసలివి.

కొలతల సంగతి అలా ఉంచితే, పనిముట్లతో పోయిన మాటలు ఇంకా ఎక్కువ. “ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు” అని వింటూనే ఉంటాం. ‘ఏకు మేకైంది’ అని రాజకీయ వార్తలకు శీర్షికలు పెడుతూనే ఉన్నారు. చాలామంది ఇందులో మేకను చూస్తున్నారు. అది మేక కాదు, మేకు. గోడకు దిగిన ఇనప మేకు. మరి ఏకు? రాట్నం మీద నూలు వడకడానికి చుట్టి పెట్టుకున్న దూది వత్తి. దానికన్నా మెత్తనిది ఇంట్లో ఇంకొకటి ఉండదు. అంత మెత్తగా వచ్చినవాడు గోడలో దిగిన మేకై కూర్చున్నాడు, ఊడబెరకడం ఎవరి తరమూ కాదు. రాట్నం ఇంటినుంచి పోయాక ఏకు పోయింది, సామెతలోకి మేక నడిచివచ్చింది.

ఏకును ఇప్పటికీ ఏకు అనే పిలిచే చోటు శ్రీకాకుళం జిల్లా పొందూరు. అక్కడి ఖద్దరుకు కొండపత్తి, ఎర్రపత్తి వాడతారు. పత్తి గింజ చుట్టూ ఉన్న పీచును ముందు వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకున్న సన్నటి పళ్ళ వరస దువ్వెనలా పనిచేస్తుంది. చెత్తా చెదారం రాలిపోయి పీచు ఒక దారికి వస్తుంది. గింజ తీసేసి, వింటి నారితో దూదిని ఏకుతారు. నారి తగిలినప్పుడల్లా దూది విచ్చుకుని నురగలా పొంగుతుంది. ఆ దూదిని వత్తుల్లా చుడితే ఏకులు. ఒక్క కదురు ఉన్న రాట్నం ముందు కూర్చున్న ఆడమనిషి కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేతి వేళ్ళ మధ్య ఏకును పట్టి వెనక్కి లాగుతుంటే అందులోంచి దారం పుట్టుకొస్తుంది. అది చూశాక ‘ఏకిపారేశారు’ అన్న మాట కూడా కొత్తగా వినబడుతుంది. అసెంబ్లీలో మంత్రిని ఏకిపారేశారంటే, వింటి నారి కింద దూదిని విడగొట్టినట్టు పీచు పీచు చేశారని. దూదేకడమే వృత్తిగా బతికిన దూదేకులవారి పేరులోనూ ఉన్నది ఆ క్రియే. ఒక్క పని, ఒక్క ధాతువు, ఇన్ని మాటలు.

అర్థం తలకిందులైన మాటల్లో ‘పాతర’ను చెప్పుకోవాలి. “చట్టానికి పాతర”, “హామీలకు పాతర” అని రాస్తున్నారు. చంపి పూడ్చిపెట్టడం అన్న అర్థమే ఇప్పుడు మిగిలింది. తెలంగాణలో, రాయలసీమలో పాతర అంటే ధాన్యం దాచే గొయ్యి. మెరక నేల చూసి లోతుగా తవ్వి, అడుగునా చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, మీద మళ్ళీ గడ్డి కప్పి మట్టితో మెత్తేవారు. కరువు వచ్చినప్పుడు తీసేవారు. మూత తీసిన వెంటనే లోపలికి దిగకూడదు. లోపలి గాలి ప్రాణం తీస్తుంది, కాసేపు ఆరనివ్వాలి. ఆ జాగ్రత్త తెలియక దిగి చనిపోయినవాళ్ళు ఉన్నారు. బతుకు దాచుకోవడానికి వేసిన పాతర ఇప్పుడు చావుకు పేరైంది.

“పెద్దల మాట చద్ది మూట” కూడా అంతే. చద్ది అంటే పాచిపోయిన అన్నం అనుకుంటే పెద్దల మాటకు ఆ పోలిక నిందలా వినబడుతుంది. పొలానికో, పొరుగూరికో వెళ్ళేవాడికి తెల్లవారకముందే పెరుగు కలిపి గుడ్డలో కట్టి ఇచ్చిన అన్నం చద్దిమూట. దారిలో పూటకూళ్ళ ఇల్లు దొరికే పని లేదు. ఆకలి వేసినప్పుడు ఆ మూటే దిక్కు. పెద్దల మాట కూడా అలా, చెప్పినప్పుడు కాక దారిలో అవసరం పడినప్పుడు ఆదుకుంటుందని. తెలంగాణలో సద్ది అన్న మాట సద్దుల బతుకమ్మ పేరులో ఏటేటా పలుకుతూనే ఉంది.

వీటన్నిటినీ రాసి పెట్టాలన్న ఆలోచన కొత్తది కాదు. కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ 1852లో అచ్చయిన తన నిఘంటువులో జనం నోటి మాటలకు చోటిచ్చాడు. కెప్టెన్ కార్ అనే సైనికాధికారి ‘ఆంధ్రలోకోక్తి చంద్రిక’ పేరుతో రెండు వేలకు పైగా తెలుగు సామెతల్ని పోగుచేసి 1868లో ప్రకటించాడు. అవి గొప్ప పనులు. అన్నిటికన్నా దగ్గరగా వెళ్ళిన పని మాత్రం ‘మాండలిక వృత్తి పదకోశం’. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పూనికతో, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాల సంపుటం, 1971లో చేనేత పదాల సంపుటం వచ్చాయి. ఇక్కడ మాట పుస్తకంలోంచి పుస్తకంలోకి రాలేదు. పని చేసే మనిషి నోటినుంచి, జిల్లా జిల్లాకూ మారే పేర్లతో సహా, నేరుగా కాగితం మీదకు వచ్చింది. తెలుగును ఉత్తర, దక్షిణ, పూర్వ, మధ్య మాండలికాలుగా నాలుగు భాగాలు చేసి చూడడానికి ఆ కృషే ఆధారమైంది. తరవాతి కాలంలో నలిమెల భాస్కర్ ‘తెలంగాణ పదకోశం’ చేశారు. ఈ పదకోశాలు పరిశోధకుల బల్లల మీదే ఉండిపోకూడదు. నాలుగో తరగతి లెక్కల పాఠంలో “ఏదుం తిన్నా ఏకాశే” ఒక లెక్కగా ఇవ్వవచ్చు. ఏదుములో ఎన్ని సోలలు? ఐదు తూములు, ఇరవై కుంచాలు, ఎనభై మానికలు, నూట అరవై తవ్వలు, మూడు వందల ఇరవై సోలలు. గుణకారమూ వస్తుంది, సామెతా వస్తుంది.

పని మిగిలిన చోట మాట కూడా మిగిలే ఉంది. ఉత్తరాంధ్ర ఏజెన్సీ సంతల్లో చింతపండుకూ, అలసందలకూ తవ్వ, అడ్డ, కుంచం ఇప్పటికీ వినిపిస్తాయి. తిరుమలలో వంటశాలను పోటు అనే అంటారు. లడ్డూకు ఎంత శెనగపిండి, ఎంత నెయ్యి, ఎంత చక్కెర అన్న లెక్కకు దిట్టం అనే పేరు. ఆ లెక్క ప్రకారం సరుకులు రోజూ తూగుతున్నాయి కనుక ఆ మాటకు ఇవాళ్టికీ వచ్చిన లోటేమీ లేదు.

మైదానం ఊళ్ళలో, పట్నాల్లో పరిస్థితి వేరు. ఇత్తడి సోలలు, తవ్వలు పాత సామాన్ల కొట్లకు చేరి, అక్కడినుంచి హాలులోని అద్దాల బీరువాల్లోకి, కలాలు పెట్టుకునే గూళ్ళలోకి వస్తున్నాయి. తోమి మెరిపిస్తున్నారు. వాటిలో ఒకదాని పేరు అడిగితే ‘అమ్మమ్మగారి ఇంటిది’ అంటున్నారు. పారేయకుండా ఉంచుకున్నందుకు వాళ్ళను మెచ్చుకోవాలి. ఇంకొక్క అడుగు వేస్తే పని పూర్తవుతుంది.

మీ ఇంట్లో అటక మీదో, దేవుడి గూట్లోనో అలాంటి కొలపాత్ర ఉంటే ఈ వారం కిందికి దించండి. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళ చేతిలో పెట్టి దాని పేరు అడగండి. దానితో ఏం కొలిచేవారో, ఎవరికి కొలిచేవారో, తలగొట్టి కొలిచేవారో గోపురంగా పోసి కొలిచేవారో చెప్పించండి. వాళ్ళకు గుర్తొచ్చిన సామెతలు, ఇవాళ ఎవరూ వాడని మాటలు, వాళ్ళు పలికినట్టే ఒక నోటుపుస్తకంలో రాయండి, ఫోనులో గొంతు కూడా ఎక్కించండి. ఆ పాత్రను బియ్యంతో నింపి, ఆ బియ్యాన్ని తూచి, ఎన్ని గ్రాములో పక్కన వేయండి. ఊరి పేరు, తాలూకా పేరు రాయడం మాత్రం మరవకండి. కుంచం ఊరూరికీ వేరు.